మంచి అత్తగారు దొరకకపోతే?

మార్చి 8 దగ్గరపడుతుంటే పత్రికలకీ టీవీలకీ పైకొచ్చిన ఆడవాళ్లు గుర్తొస్తారు. ఒక కలెక్టరమ్మ, ఒక పోలీసు అధికారిణి, ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ వైస్ ప్రెసిడెంటు, ఒక సర్జన్. పుట్టిన ఊరు, చదివిన బడి, వచ్చిన ర్యాంకు అన్నీ అయ్యాక చివరి ప్రశ్న మాత్రం అందరికీ ఒకటే: "ఇల్లూ ఉద్యోగమూ ఎలా బ్యాలెన్స్ చేసుకుంటున్నారు?" జవాబూ ఒకటే: "మా వారూ, మా అత్తగారూ సహకరించబట్టే." విలేకరికి సంతోషం, చదివినవాళ్లకి సంతోషం. ఇంటిల్లిపాదీ నవ్వుతున్న ఫొటో ఒకటి వేసి, కుటుంబం అండగా నిలిస్తే స్త్రీ సాధించలేనిది లేదని కింద ఒక ముక్క రాస్తారు.

ఆవిడ అబద్ధమాడలేదు. చేసిన మేలు మరచిపోకుండా చెప్పుకుంది. నా పేచీ ఆవిడతో కాదు, ఆ మాటను పట్టుకుని లోకం చేసిన తీర్మానంతో. ఆడవాళ్లు పై పదవులకు రాకపోవడానికి కారణం ఇంట్లోనే ఉంది, మందూ ఇంట్లోనే ఉంది, సర్కారుకీ కంపెనీలకీ ఇందులో పనేమీ లేదు అన్నదే ఆ తీర్మానం. సెమినార్లలో పెద్దమనుషులు చెప్పేది ఇదే. జీతాలూ ప్రమోషన్లూ చూసే హెచ్ఆర్ వాళ్లు చెప్పేదీ ఇదే. పెళ్లిచూపుల్లో "మా కోడల్ని ఉద్యోగం మాన్పించం, పిల్లల్ని నేను చూసుకుంటాలెండి" అని కాబోయే అత్తగారు అంటే, అంతకు మించిన అభ్యుదయం ఇక లేదన్నట్టు అమ్మాయి తరఫువాళ్లు మురిసిపోతారు. ఇది తప్పుడు తీర్మానం. అంతకంటే ముఖ్యంగా, కొందరికి భలే లాభసాటి తీర్మానం.

ముందు లెక్క చూద్దాం. కేంద్ర గణాంక శాఖ 2019లో ఒకసారి, 2024లో మరోసారి జనం రోజులో ఏ పనికి ఎంత సమయం పెడుతున్నారో సర్వే చేసింది. ఇంట్లోవాళ్ల కోసం జీతం లేకుండా చేసే పనికి 2019లో ఆడవాళ్లు రోజుకు 299 నిమిషాలు, మగవాళ్లు 97 నిమిషాలు పెట్టారు. 2024కి అది ఆడవాళ్లకు 289, మగవాళ్లకు 88. అంటే అయిదేళ్లలో ఆడవాళ్ల పని పది నిమిషాలు తగ్గితే, ఆ పది నిమిషాలూ మగవాళ్లేమీ అందుకోలేదు. వాళ్లదీ తొమ్మిది నిమిషాలు తగ్గింది. పైగా ఈ 88 నిమిషాలు మగవాళ్లందరివీ కావు, ఆరోజు ఇంటిపనిలో ఎంతో కొంత చెయ్యి పెట్టినవాళ్లవి మాత్రమే. 2019లో అలా చెయ్యి పెట్టిన మగవాళ్లు నూటికి 26 మంది, ఆడవాళ్లు 81 మంది. ఇంటర్వ్యూల్లో కనిపించే సహకరించే భర్తలు దేశం మొత్తానికి ఎంతమందో ఇక ఊహించుకోవచ్చు. మిగిలింది అత్తగారూ, అమ్మా.

హైదరాబాద్‌లో నిజాంపేట, మియాపూర్ వైపు అపార్టుమెంటు సముదాయాల్లోకి పొద్దున పదింటికి వెళ్లి చూడండి. తల్లీతండ్రీ క్యాబుల్లో వెళ్లిపోయుంటారు. కింద పార్కులో తోపుడుబండిలో మనవడు, పక్కన బెంచీ మీద మోకాలు రుద్దుకుంటూ అమ్మమ్మ. ఒంగోలునుంచో తెనాలినుంచో వచ్చింది. లిఫ్టులో ఎవరు ఏ అంతస్తో తెలియదు, పక్క ఫ్లాటువాళ్ల భాష హిందీ. పిల్లాడు పడుకున్నప్పుడు తనూ ఓ కునుకు తీద్దామంటే డెలివరీ కుర్రాడు బెల్లు కొడతాడు. ఊళ్లో తాతగారు ఒంటరిగా కర్రీ పాయింటునుంచి రెండు కూరలు, ఒక పప్పు తెచ్చుకుని, రైస్ కుక్కర్లో గ్లాసెడు బియ్యం పడేసుకుని, షుగరు మాత్ర వేసుకున్నదీ లేనిదీ ఫోనులో అబద్ధం చెబుతుంటాడు. (ఈ ఇరవై ఏళ్లలో ఉద్యోగాలు చేసే తెలుగు కుటుంబాలకు నిజంగా సాయపడిన సంస్థ ఏదంటే ముందు కర్రీ పాయింటు పేరే చెప్పాలి. దానికి ఏ అవార్డూ రాలేదు.) ముసలి దంపతులు యాభై ఏళ్ల కాపురం తర్వాత విడివిడిగా బతుకుతుంటే, మనం దానికి "కుటుంబ విలువలు" అని పేరు పెట్టాం.

అమెరికా సంగతి మన ఇళ్లలో చెప్పనక్కర్లేదు. అక్కడ జీతంతో ప్రసూతి సెలవు ఇవ్వాలని దేశమంతటికీ వర్తించే చట్టం లేదు. 1993 నాటి చట్టం ఇచ్చేది 12 వారాలు, అదీ జీతం లేకుండా, అదీ 50 మందో అంతకు మించో పనిచేసే సంస్థల్లో. పసిపిల్లల డేకేర్‌కు కట్టే డబ్బు చాలా చోట్ల ఇంటద్దెతో పోటీపడుతుంది. దాంతో మనవాళ్లు కనిపెట్టిన ఉపాయం విజిటర్ వీసా. మామూలుగా ఒక రాకకి ఆరు నెలలు ఉండనిస్తారు కనుక మొదటి ఆరు నెలలు అమ్మ, తర్వాత ఆరు నెలలు అత్తగారు. అంత పెద్ద దేశపు లోటును పూడ్చడానికి గుంటూరునుంచీ కరీంనగర్నుంచీ బీపీ మాత్రల డబ్బాతో, ఆవకాయ సీసాతో అరవయ్యేళ్ల ఆడవాళ్లు విమానాలెక్కుతున్నారు. బయట మంచు, ఇంట్లో పిల్ల, కారు నడపడం రాదు. ఆరు నెలల తర్వాత వియ్యపురాలికి అప్పగించి వస్తారు.

సరే, ప్రేమతోనే చేస్తారు. మనవల్ని ఎత్తుకోవడం ఆనందమే. కానీ ఆనందంగా చేసే పని కాబట్టి అది పని కాదనడం ఎక్కడి న్యాయం?

ఇక్కడ మన పెద్దమనుషులు గమనించని చిక్కు ఇంకొకటుంది. అమ్మమ్మ అంటే ఖాళీగా ఇంట్లో కూర్చున్న మనిషి అన్నది పాత లెక్క. 1980ల తర్వాత మన దగ్గర ఆడపిల్లలు టీచర్లయ్యారు, నర్సులయ్యారు, బ్యాంకుల్లో, ఎల్ఐసీలో, కలెక్టరాఫీసుల్లో గుమాస్తాలయ్యారు. వాళ్లే ఇప్పుడు అమ్మమ్మలు, నాయనమ్మలు. కూతురికి ఇరవై ఎనిమిదేళ్లకు బిడ్డ పుడితే తల్లికి యాభై మూడో, యాభై అయిదో ఉంటాయి. పదవీ విరమణ వయసు ఆంధ్రప్రదేశ్‌లో 62, తెలంగాణలో 61. ముప్ఫై ఏళ్లు పాఠాలు చెప్పి, సీనియారిటీ లిస్టులో ఒక్కో మెట్టూ ఎక్కి, హెడ్మిస్ట్రెస్‌గానో మండల విద్యాధికారిగానో కుర్చీలో కూర్చునే వేళకి కూతురినుంచి ఫోను: "అమ్మా, సెలవు అయిపోతోంది, ఎలా?" దీర్ఘకాలపు సెలవు పెడుతుంది, లేదా వీఆర్ఎస్ తీసుకుంటుంది. తండ్రి కూడా ఉద్యోగస్తుడే, కానీ ఆయన వీఆర్ఎస్ తీసుకోవాలన్న ఆలోచన ఎవరికీ రాదు, ఆయనకు అసలే రాదు. కూతురు టీమ్ లీడ్ కావడానికి తల్లి హెడ్మిస్ట్రెస్ కుర్చీ దిగింది. జమాఖర్చులు చూస్తే నాయకత్వంలో ఆడవాళ్ల సంఖ్య పెరిగిందా? ఒకరి ఖాతాలోంచి తీసి ఇంకొకరి ఖాతాలో వేశాం.

ఉద్యోగం లేని అమ్మమ్మ కూడా లేని ఇంట్లో పనమ్మాయిని పెడతారు. ఆ పనమ్మాయికీ పిల్లలుంటారు. వాళ్లని ఎవరు చూస్తున్నారని అడిగే అలవాటు మనకు లేదు. అడిగితే తరచూ వచ్చే జవాబు: పెద్దపిల్ల చూసుకుంటోంది. ఆ పెద్దపిల్లకు పదేళ్లో పన్నెండేళ్లో ఉంటాయి. ఆరోజు బడికి వెళ్లి ఉండదు. పై అంతస్తులో నాయకత్వానికి అడుగున ఆ పిల్ల ఆరో తరగతి పుస్తకం మూతపడి ఉంటుంది.

ఇంద్రా నూయి కథ తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో ఇప్పటికీ తిరుగుతూనే ఉంటుంది. పెప్సీకో ప్రెసిడెంటుగా ఎంపికైన రాత్రి శుభవార్త చెబుదామని ఇంటికొస్తే, తల్లి ముందు వెళ్లి పాలు తెమ్మంది. భర్త ఎప్పుడో వచ్చాడు కదా అంటే, ఆయన అలసిపోయాడంది. పాలు తెచ్చాక, ఆ కిరీటమేదో గరాజులోనే వదిలి రమ్మంది. మన గ్రూపుల్లో దీని కింద చేతులు జోడించిన బొమ్మలు, "ఎంత ఎదిగినా ఇంట్లో ఒదిగి ఉండాలి" అన్న వ్యాఖ్యలు. అలసిపోయిన మగాడి కోసం అంతకంటే ఎక్కువ అలసిపోయిన ఆడది పాల కోసం వెళ్లడం వీళ్లకు నీతికథగా కనిపించింది. ఆ నూయిగారే 2021లో తన జీవితం గురించి పుస్తకం రాశారు. జీతంతో సెలవు, పనివేళల్లో వెసులుబాటు, పిల్లల సంరక్షణకు నమ్మదగిన ఏర్పాటు ఇవి దేశాలు కట్టుకోవలసిన వ్యవస్థలని, ఒక్కో ఇల్లూ ఒంటరిగా మోయవలసిన బరువు కాదని అందులో గట్టిగా వాదించారు. ఆ పుస్తకంలోని ఆ వాదన ఏ గ్రూపులోనూ తిరగదు. పాలపాకెట్టు తిరుగుతుంది.

2020 ఏప్రిల్‌లో మరో ఫొటో దేశమంతా తిరిగింది. కరోనా మొదటి రోజులు. అప్పటి గ్రేటర్ విశాఖ కమిషనర్ జి. సృజన, కాన్పు అయిన 22 రోజులకే ప్రసూతి సెలవు వదులుకుని పసిబిడ్డతో ఆఫీసుకు వచ్చారు. ఊరు ఆపదలో ఉన్నప్పుడు ఒక అధికారి తనంతట తాను తీసుకున్న నిర్ణయం అది. ఆవిడ మీద గౌరవమే తప్ప ఇంకో మాట లేదు. కానీ ఆ ఫొటో కింద వరదలా వచ్చిన పొగడ్తలు చదివినప్పుడు నాకు భయమేసింది. ఆ ప్రసూతి సెలవును వదులుకోవడం వీరత్వమైతే, వాడుకోవడం ఏమిటి? మర్నాడు ఇంకో ఆఫీసులో ఇంకో అమ్మాయి సెలవు చీటీ ఇస్తే, ఆ పై అధికారి మనసులో ఈ ఫొటోయే మెదులుతుంది. "కమిషనరుగారే వచ్చారమ్మా" అనడానికి ఎంతసేపు? ఒకరి త్యాగం రెండో మనిషికి కొలబద్ద అయిపోతుంది. మిగతా వేళల్లో ఆవిడ భర్త, తల్లి ఇంట్లో బిడ్డను చూసుకున్నారని అప్పటి వార్తల్లోనే ఉంది. అది ఎవరూ పట్టించుకోలేదు.

కుటుంబమే మార్గం, చట్టాలతో పనేమిటి అనేవాళ్లకు కాస్త చరిత్ర గుర్తుచేయాలి. విదేశాంగ సర్వీసులో చేరిన మొదటి మహిళ సి.బి. ముత్తమ్మ. ఆ సర్వీసు నిబంధనల ప్రకారం మహిళా అధికారి పెళ్లి చేసుకోవాలంటే ప్రభుత్వం దగ్గర రాతపూర్వకంగా అనుమతి తీసుకోవాలి. పెళ్లయ్యాక ఇంటి బాధ్యతలు ఉద్యోగానికి అడ్డొస్తున్నాయని ప్రభుత్వం అనుకుంటే రాజీనామా అడగవచ్చు. మగ అధికారికి ఈ బాధ లేదు. ఆవిడ సుప్రీంకోర్టుకు వెళ్లారు. 1979లో జస్టిస్ కృష్ణయ్యర్ ఆ నిబంధనల్ని తీవ్రంగా తప్పుపట్టారు. ఎయిరిండియాలో ఎయిర్ హోస్టెస్ మొదటిసారి గర్భవతి కాగానే ఉద్యోగం పోయేది. 1981లో సుప్రీంకోర్టు ఆ నిబంధన కొట్టేసింది. అంటే మొన్నమొన్నటిదాకా సర్కారే తలుపు దగ్గర నిలబడి, పెళ్లయిందా, కడుపొచ్చిందా, అయితే వెళ్లిపో అంది. అప్పుడు ఎంత మంచి అత్తగారున్నా ఏం లాభం? తలుపు తెరిచింది అత్తగారు కాదు, కోర్టు తీర్పు. ఇప్పుడు సర్కారు, యాజమాన్యాలు వెళ్లిపొమ్మనడం మానేసి, లోపలికి రా, పిల్లాడి సంగతి నువ్వు చూసుకో అంటున్నాయి.

ఇక ఎదుటిపక్షం వాదనల్లో బలమైనది ఒకటుంది, దాన్ని దాటవేయకూడదు. 1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని 2017లో సవరించి, 12 వారాల సెలవును 26 వారాలు చేశారు. "జీతం మొత్తం యజమాని నెత్తిన పెట్టారు, ఇక వయసులో ఉన్న ఆడపిల్లని ఎవడు తీసుకుంటాడు? మేలు చేద్దామని కీడు చేశారు" అంటారు. ఈ భయంలో నిజముంది. కానీ తప్పు సెలవుది కాదు, బిల్లు ఎవరి పేరున రాశారన్న దానిది. నెల జీతం 21,000 రూపాయల లోపు ఉండి ఈఎస్ఐ పరిధిలో ఉన్న కార్మికురాలిని చూడండి. ఆమె ప్రసూతి కాలపు డబ్బు ఈఎస్ఐ నిధినుంచి వస్తుంది. యజమాని 3.25 శాతం, కార్మికులు 0.75 శాతం కట్టే నిధి అది. ఆడవాళ్ల మీదా మగవాళ్ల మీదా ఒకేలా కడతారు కనుక, ఎవర్ని పెట్టుకున్నా యజమానికి ఖర్చులో తేడా లేదు. ఆ 21,000 గీత దాటగానే బిల్లు పూర్తిగా కంపెనీదే. అంటే ఏ ఆడదానికి జీతం పెరుగుతోందో, ఎవరు సూపర్‌వైజరు, మేనేజరు మెట్ల దగ్గరకొచ్చారో సరిగ్గా ఆవిడే యాజమాన్యానికి బరువుగా కనిపిస్తుంది. ఆడవాళ్లు మధ్య మెట్లమీదే ఎందుకు ఆగిపోతున్నారని సెమినార్లు పెట్టేవాళ్లు ఈ ఒక్క గీతను చూస్తే చాలు. ఈ ఖర్చును ఒక్కో యజమాని మీద విడిగా వేయకూడదని, సామాజిక బీమానుంచో ప్రజాధనంనుంచో ఇవ్వాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 2000లో చేసిన 183వ ఒడంబడిక చెప్తోంది. మన దేశం దాన్ని ఆమోదించలేదు.

బిల్లు కంటే పెద్ద తప్పు ఇంకోటుంది: చట్టం దృష్టిలో బిడ్డకు తండ్రి లేడు. కేంద్ర ప్రభుత్వంలో పనిచేసే మగవాడికి పితృత్వ సెలవు 15 రోజులు. ప్రైవేటు ఉద్యోగికి చట్టప్రకారం ఒక్కరోజు కూడా లేదు, కంపెనీ దయ. కేంద్ర ఉద్యోగినులకు సర్వీసు మొత్తంలో 730 రోజుల చైల్డ్ కేర్ లీవ్ ఉంది. తెలంగాణలో 90 రోజులు ఇచ్చారు, ఆంధ్రప్రదేశ్‌లో 60 రోజుల్ని 2022లో 180 చేశారు. సంతోషం. కేంద్రంలో ఆ సెలవు మగవాళ్లలో ఎవరికుంది? ఒంటరి తండ్రికి మాత్రమే. ఇంట్లో భార్య ఉంటే పిల్లాడికి జ్వరమొచ్చినా, పరీక్షలొచ్చినా తండ్రికి సంబంధం లేదని నిబంధనే రాసిపెట్టింది. అలాంటప్పుడు ఇంటర్వ్యూ బోర్డు ఆడపిల్లని మాత్రమే "పెళ్లెప్పుడు?" అని అడగడంలో వింతేముంది? మగపిల్లాడికీ రేపు మూడు నెలల సెలవు హక్కుంటే అతన్నీ అడుగుతారు, లేదా ఇద్దర్నీ అడగడం మానేస్తారు. 2021 బడ్జెట్ సమావేశాల సమయంలో శ్రీకాకుళం ఎంపీ రామ్మోహన్ నాయుడు బిడ్డ పుట్టిందని పార్లమెంటుకు సెలవు పెడితే అది దేశమంతా వార్త అయింది. తండ్రి సెలవు పెట్టడం వార్త కావడమే మన పరిస్థితి.

నోబెల్ పొందిన ఆర్థికవేత్త క్లాడియా గోల్డిన్ జీవితకాలం చేసిన పరిశోధన కూడా ఇక్కడికే తీసుకొస్తుంది. ఒకే చదువు, ఒకే ఉద్యోగంతో మొదలైన ఆడా మగా జీతాల మధ్య అంతరం ముఖ్యంగా మొదటి బిడ్డ పుట్టాక తెరుచుకుంటుంది. ఆడవాళ్లకు ఆశ తక్కువ, బాధ్యత తీసుకోవడం భయం అనే పండితులు, ఆ ఆశ సరిగ్గా కాన్పు వార్డులోనే ఎందుకు చచ్చిపోతుందో చెప్పాలి.

పరాయివాళ్ల చేతుల్లో పసిపిల్లల్ని పెడతామా, క్రెచ్‌లు మన సంస్కృతి కావు అన్నది మరో వాదన. ఈ దేశంలో అంగన్‌వాడీలు మొదలైంది 1975లో. ఇప్పుడవి దాదాపు 14 లక్షలు. మన పల్లెల్లో రెండు తరాల పిల్లలు "పరాయి" టీచరమ్మ దగ్గర పాటలు నేర్చుకుని, గుడ్డు తిని పెరిగారు. సంస్కృతి ఏమీ మునిగిపోలేదు. సంస్కృతి భయం ఎప్పుడూ మధ్యతరగతిదే, కూలికి వెళ్లే తల్లికి ఆ విలాసం లేదు. అంగన్‌వాడీతో ఇబ్బంది వేరే ఉంది. మూడేళ్లు నిండని పిల్లల్ని అక్కడ ఉంచుకోరు, ఇంటికి సరుకులిస్తారు. పెద్దపిల్లల్ని ఉంచుకున్నా తల్లి పనినుంచి వచ్చే వేళకు దానికి తాళం పడి ఉంటుంది. అంగన్‌వాడీతో పాటే క్రెచ్ నడిపే పాల్నా పథకానికి కేంద్రం పెట్టుకున్న లక్ష్యం 17,000. 14 లక్షల్లో 17,000! పక్కనున్న కర్ణాటక 2023లో గ్రామ పంచాయతీల్లో "కూసిన మనె" పేరుతో పసిపిల్లల కేంద్రాలు ప్రకటించింది. మన రెండు ప్రభుత్వాలూ ఆడపడుచుల పేరున పథకాలకు తక్కువేమీ చేయలేదు. ఏడాది బిడ్డను పొద్దున వదిలి సాయంత్రం తీసుకెళ్లే చోటు మాత్రం ఊళ్లో ఎక్కడుందో చూపించమనండి.

2023 డిసెంబర్ 12న ఆంధ్రప్రదేశ్‌లో అంగన్‌వాడీ టీచర్లు, ఆయాలు సమ్మెకు దిగారు. జీతం పెంచాలి, గ్రాట్యుటీ ఇవ్వాలి అన్నారు. వాళ్లకు అప్పుడు వచ్చేది 11,500, ఆయాలకు 7,000, దాని పేరు జీతం కాదు, గౌరవ వేతనం. గ్రాట్యుటీకి వాళ్లు అర్హులేనని 2022లోనే సుప్రీంకోర్టు చెప్పింది. 42 రోజులు రోడ్ల మీద కూర్చున్నారు. ప్రభుత్వం జనవరిలో ఎస్మా ప్రయోగించింది. అంటే అత్యవసర సర్వీసని ఒప్పుకుంది. పిల్లల్ని చూసుకోవడం ఎవరింటి గొడవ వాళ్లదని ఏడాది పొడవునా చెప్పే వ్యవస్థకి, ఆ పని ఆగిన నెల రోజులకే అది నీళ్లూ కరెంటూ అంతటి అవసరమని తెలిసొచ్చింది. తెలిసొచ్చాక కూడా గౌరవమే ఇచ్చారు, వేతనం కాదు.

ముందు ఇంట్లో మార్పు రావాలి, తర్వాత పదవులు వాటంతటవే వస్తాయంటారు. ఎంతో సహజంగా వినిపించే ఈ మాటకు ఆధారం లేదు. ఉన్న ఆధారం దీనికి ఎదురు తిరిగింది. పశ్చిమ బెంగాల్‌లో బీర్భూమ్ జిల్లాలో పంచాయతీ ప్రధాన్ పదవుల్లో మూడో వంతు ఆడవాళ్లకు వంతులవారీగా కేటాయించారు. ఆ ఊళ్లను ఆర్థికవేత్తలు ఎస్తేర్ డఫ్లో, రోహిణి పాండే, మరికొందరు ఏళ్లతరబడి పరిశీలించి 2012లో ఫలితాలు ప్రచురించారు. రెండు విడతలు ఆడవాళ్లకు కేటాయించిన ఊళ్లలో, కూతుళ్ల భవిష్యత్తు గురించి తల్లిదండ్రుల ఆశలు కొడుకుల మీది ఆశలకు దగ్గరగా వచ్చాయి. చదువులో ఆడపిల్లలకీ మగపిల్లలకీ తేడా చెరిగిపోయింది. ఆడపిల్లలు ఇంటిచాకిరీలో గడిపే సమయం తగ్గింది. మొదట మారింది పంచాయతీ కుర్చీ, దాని వెనక ఇల్లు మారింది. "సర్పంచి గారి భర్త" అని మనం ఎంత వెక్కిరించినా, ఆ వెక్కిరింతకు చాలా ఊళ్లలో కారణం ఉన్నా, గ్రామసభలో కూర్చున్న సర్పంచమ్మను చూసిన ఆడపిల్ల లెక్క వేరు.

మన దగ్గర చూడండి. చట్టం గట్టిగా చెప్పిన చోట, అంటే పంచాయతీల్లో, రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ సగం పదవులు ఆడవాళ్లవి. పార్టీల మంచితనానికీ ఇంట్లోవాళ్ల సహకారానికీ వదిలేసిన చోట 2023లో తెలంగాణ శాసనసభకు 119 మందిలో 10 మంది, 2024లో లోక్‌సభకు 543 మందిలో 74 మంది. ఆ ఎన్నికల వేళకే తెలుగు అత్తగార్లందరూ హఠాత్తుగా చెడ్డవాళ్లయ్యారా? 2023లో మూడో వంతు ఇస్తామని 106వ రాజ్యాంగ సవరణ చేశారు, దానికి జనగణన, నియోజకవర్గాల పునర్విభజన ముడిపెట్టారు. కంపెనీల బోర్డుల కథ ఇంకా సరదా. 2013 కంపెనీల చట్టం, ప్రతి లిస్టెడ్ కంపెనీ బోర్డులోనూ ఒక్క మహిళైనా ఉండాలంది. ఒక్కరు! చాలామంది ప్రమోటర్లకు అప్పుడు సొంత ఇంట్లో ఆడవాళ్లు గుర్తొచ్చారు. భార్యలూ కూతుళ్లూ డైరెక్టర్లయ్యారు. బంధుత్వం లేని స్వతంత్ర మహిళా డైరెక్టరు కావాలని పెద్ద కంపెనీలకు సెబీ మళ్లీ చెప్పవలసి వచ్చింది.

కుటుంబ సహకారం వద్దని ఎవరూ అనడం లేదు. ఉన్నవాళ్లకు అది అదృష్టం. అదృష్టం మీద రోడ్లు వేయం, ఆసుపత్రులు కట్టం. హిమాచల్‌లో ఒక ప్రభుత్వ కాలేజీ అధ్యాపకురాలు, అరుదైన జన్యువ్యాధి ఉన్న కొడుకు కోసం చైల్డ్ కేర్ లీవ్ అడిగితే ఆ రాష్ట్రంలో అలాంటి నిబంధన లేదన్నారు. 2024లో సుప్రీంకోర్టు, స్త్రీలు ఉద్యోగాల్లో ఉండడం ఎవరో ఇచ్చే వెసులుబాటు కాదని, అది రాజ్యాంగపరమైన హక్కని చెప్పింది. హక్కు అన్నాక దానికి అత్తగారి ఆరోగ్యంతో, ఆవిడ మంచితనంతో ముడి ఉండకూడదు.

చివరగా ఈ పత్రిక చదువుతున్న ఉద్యోగస్తులకు ఒక మాట. 50 మందో అంతకు మించో పనిచేసే సంస్థలో క్రెచ్ సౌకర్యం ఉండాలని 2017 సవరణ చెప్పింది. ఆడవాళ్లు 50 మంది కాదు, మొత్తం ఉద్యోగులు 50 మంది. తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసుకోవచ్చని, ఉద్యోగంలో చేరే రోజునే చట్టప్రకారం రావలసినవన్నీ ఆమెకు రాతపూర్వకంగా చెప్పాలని కూడా అందులోనే ఉంది. తర్వాత వచ్చిన సామాజిక భద్రతా స్మృతిలోనూ క్రెచ్‌కు అదే 50 ఉంది. మీ ఆఫీసులో 50 మంది ఉన్నారా? ఉంటే ఆ క్రెచ్ ఎక్కడుందో రేపు మీ హెచ్ఆర్ విభాగాన్ని ఈమెయిల్లో అడగండి. ఆ ఈమెయిల్ మగ ఉద్యోగి పేరున వెళ్తే ఇంకా మంచిది.